కొవ్వుకు కొవ్వెక్కింది

ఎవడైనా తలబిరుసుగా మాట్లాడితే "వీడికి కొవ్వెక్కింది" అంటాం. "వీడికి ప్రొటీన్ ఎక్కింది" అని ఎవరూ అనరు. లోకం ఇంతగా చీదరించుకుంటున్న పదార్థాన్ని ఇంకా భరించడం దేనికని, ఒంట్లో ఉన్న కొవ్వు పదార్థాలను, అంటే లిపిడ్లన్నిటినీ ఆఖరి అణువు దాకా ఖాళీ చేయించాలని నేనొక ప్రతిపాదన తయారుచేశాను. నోటీసు ఇచ్చే ముందు ఒక కణాన్ని తనిఖీ చేయడం పద్ధతి కాబట్టి చేశాను. అక్కడే వచ్చింది చిక్కు.

కణం చుట్టూ ఉన్న పొరే కొవ్వుతో కట్టింది. మందం సుమారు 5 నానోమీటర్లు. అలాంటివి ఇరవై వేలు దొంతర పెడితే ఒక మిల్లీమీటరులో పదో వంతు. ఆ కొవ్వు అణువుల పేరు ఫాస్ఫోలిపిడ్లు. ఒక్కో ఫాస్ఫోలిపిడ్‌కు ఒక తల, రెండు తోకలు. తలకు నీళ్లంటే ఇష్టం, తోకలకు గిట్టదు. నీళ్లలో పడగానే తోకలన్నీ లోపలికి దాక్కుని, తలలు బయటికి పెట్టి, రెండు వరుసలుగా వాటంతట అవే సర్దుకుంటాయి. టెండరు లేదు, కాంట్రాక్టరు లేడు, శిలాఫలకం అసలే లేదు. పచ్చి అక్రమ కట్టడం!

రెండు వరుసలని తేల్చింది 1925లో గోర్టర్, గ్రెండెల్ అనే డచ్ పరిశోధకులు. ఎర్ర రక్తకణాల్లోని లిపిడ్లను తీసి నీళ్ల మీద పరిస్తే, కణాల ఉపరితలానికి రెట్టింపు చోటు ఆక్రమించాయి. తీరా చూస్తే వాళ్లు లిపిడ్లను పూర్తిగా తీయలేదు, కణం వైశాల్యాన్నీ తక్కువగా లెక్కగట్టారు. రెండు తప్పులూ ఒకదాన్నొకటి కొట్టేసుకుని సరైన జవాబు వచ్చింది. ఇదే పద్ధతిని నేను పదో తరగతి లెక్కల పరీక్షలో పాటిస్తే సున్నా వేశారు. సరే, అది వేరే ఫైలు.

పొర లోపలి వరుసలో ఫాస్ఫాటిడైల్‌సెరిన్ అనే లిపిడ్ ఒకటి కాపురముంటుంది. అది బయటి వరుసలోకి జారితే, ఫ్లిప్పేజ్ అనే ఎంజైము కణానికి ఇంధనం లాంటి ఏటీపీని ఖర్చుపెట్టి మరీ లోపలికి లాక్కొస్తుంది. ఎందుకింత కాపలా? కణం తన చావు తాను చావాలని నిర్ణయించుకున్నప్పుడు ఈ కాపలా ఎత్తేస్తారు. ఆ లిపిడ్ బయట కనిపించగానే, భోజనం సిద్ధమని అర్థం చేసుకుని, చచ్చే కణాలను తినే రక్షక కణాలైన మాక్రోఫేజ్‌లు వచ్చి కణాన్ని మింగేస్తాయి. ఇంత క్రమశిక్షణగల మరణవాంగ్మూలాన్ని నేనింతవరకు చూడలేదు.

ఇక కొలెస్ట్రాల్. రిపోర్టులో ఆ పేరు కనిపిస్తేనే టెన్షన్. పొర వేడికి మరీ వదులు కాకుండా, చలికి గడ్డకట్టకుండా చూసేది అదే. హార్మోన్లైన కార్టిసాల్, టెస్టోస్టెరాన్, ఈస్ట్రోజెన్‌లకు ముడిసరుకూ అదే. బయటి నుంచి చొరబడిందేమోనని ఆరా తీస్తే, సింహభాగం మన ఒంట్లోనే తయారవుతోందని తేలింది. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడు.

అయినా వెనక్కి తగ్గేవాణ్ని కాను. కానీ తనిఖీ ఆఖర్న ఇంకో సంగతి బయటపడింది. నీటిని మినహాయిస్తే మెదడులో దాదాపు సగం లిపిడ్లేనట. అంటే ఈ ఫిర్యాదు రాయడంలో సగం చెయ్యి నిందితుడిదే. ఫైలు మీద "పరిశీలనలో ఉంది" అని రాసి పక్కన పెట్టాను.