గునుగు గింజకున్న వెసులుబాటు

తొలకరి పడగానే వ్యవసాయ అధికారుల నుంచి ఫోనుకు సందేశం దిగుతుంది: "వేరుశనగ విత్తిన వెంటనే, నేలలో తగినంత తేమ ఉన్నప్పుడు కలుపు మందు పిచికారీ చేయండి." నేలలో పదును, అంటే విత్తడానికి సరిపడే తడి, కుళాయి తిప్పితే వస్తుందనుకున్నట్టున్నారు. ఏడాది మొత్తానికి 550 మిల్లీమీటర్లు పడితే గొప్ప అనుకునే అనంతపురం ఎర్రనేలల్లో, విత్తిన మర్నాడే మబ్బు మాయమవుతుంది. పైమట్టి ఎండిపోతే మొలకెత్తకముందు కొట్టే మందు పనిచేయదు. డబ్బాకు పెట్టిన డబ్బు మాత్రం పోతుంది.

కాబట్టి సదరు అధికారులకు నా వినయపూర్వక సూచన: ఆ సందేశాలు రాసే ఉద్యోగం చేలో కలుపుగా మొలిచే గునుగు గింజకివ్వండి. దానికున్న జాగ్రత్త మీకు లేదు.

మట్టికింద రోజూ సమావేశమే. "తేమ?" అంటుంది పక్కనున్న మరో కలుపు, పాయలాకు గింజ. "పైపైన తడిసింది, దిగలేదు." "వేడి?" "పగలు మాడ్చింది, రాత్రి చల్లబడింది, బాగానే ఉంది." "వెలుతురు?" "లేదు, మట్టికింద ఉన్నాం." "అయితే వాయిదా." ఇంతలో పైన కలుపు కోసే గుంటక తిరుగుతుంది, మట్టి తిరగబడుతుంది, కొన్ని గింజలకు క్షణకాలం ఎండ తగులుతుంది. తీర్మానం ఆమోదం! కలుపును చంపడానికి తోలిన గుంటకే కొత్త కలుపును లేపుతుంది. అప్పుడు కూడా అందరూ లేవరు. "మీరు పోండి, మేం వచ్చే ఏడు చూస్తాం" అని కొందరు అటు తిరిగి పడుకుంటారు. 1879లో అమెరికాలోని మిషిగన్‌లో వృక్షశాస్త్రవేత్త విలియం జేమ్స్ బీల్ సీసాల్లో పెట్టి పాతిన గింజల్లో కొన్ని 2021లో తవ్వి తీసి నాటితే మొలిచాయి. 142 ఏళ్ళ సెలవు, జీతంలో కోత లేదు!

రైతుకు ఆ సెలవు ఎవరిచ్చారు? సగం విత్తనం దాచుకుని వానను చూద్దామంటే అదను దాటిపోతుంది, ట్రాక్టరు దొరకదు, అప్పిచ్చినవాడు ఆగడు. ఉన్నదంతా ఒక్క పదునులో నేలలో పోయాల్సిందే. పోనీ, తొలి జల్లుకు కలుపును మొలవనిచ్చి, గుంటక తోలి ఆ తర్వాత విత్తమంటారా? ఆ తోలకంతో ఆరిపోయే తడిని ఎవరు తిరిగిస్తారు? దానికి జవాబు రాయరేం?

వాన పడితే ఇంకో బాధ. పైరుకంటే ముందు గరిక, తుంగ లేస్తాయి. అప్పుడు ఎండలో నడుం వంచి కలుపు తీసేది ఆడవాళ్ళు. మగ కూలి కంటే తక్కువ ఇచ్చి, "పొద్దు గూకేలోపు ఈ సాళ్ళు కూడా అయిపోవాలమ్మా" అని గట్టు మీద నిలబడి చెప్పడానికి మాత్రం మనకెవరికీ నోరు ఎండిపోదు.