లా స్కూల్ దరఖాస్తుకు సాక్షిగా ఎవరిని పిలవాలి?

తెలుగులో సిఫార్సు అనే మాట వినగానే కొంత అనుమానం కూడా కలుగుతుంది. ఫలానావారి సిఫార్సుతో పని జరిగిందని ఎవరైనా అంటే, అర్హత మాట ఎలా ఉన్నా పలుకుబడి మాత్రం పనిచేసిందనే మనం అర్థం చేసుకుంటాం. అమెరికాలోని లా స్కూళ్లకు దరఖాస్తు చేసేవారిలో చాలామంది రికమెండేషన్ లెటర్ అన్నదాన్ని కూడా ఈ అర్థంలోనే తీసుకుని, తమకు, తమ కుటుంబానికి తెలిసినవారిలో అందరికన్నా పెద్ద హోదాలో ఉన్నదెవరా అని వెతకడం మొదలుపెడతారు. ప్రొఫెసర్ల విషయంలో ఈ పొరపాటు జరిగే అవకాశం తక్కువ, ఎందుకంటే అక్కడ తరగతి, పేపరు, మార్కులు ఎంపికను చాలావరకు నిర్ణయించేస్తాయి. విద్యారంగానికి బయటి వ్యక్తిని ఎంచుకోవలసి వచ్చినప్పుడే దారి తప్పడం సులువు.

అమెరికాలో న్యాయవాద వృత్తికి దారి తీసే జేడీ (జ్యూరిస్ డాక్టర్) కోర్సు సాధారణంగా డిగ్రీ పూర్తయ్యాక చేరే 3 ఏళ్ల కోర్సు. దరఖాస్తుతో పాటు ఒకటి రెండు లేఖలైనా అడగడం చాలా స్కూళ్లలో కనిపించే పద్ధతి. వాటిలో ఒకటైనా చదువు చెప్పినవారి నుంచి రావడం మంచిదని హార్వర్డ్ లా స్కూల్ గట్టిగా సూచిస్తుంది. యేల్ కూడా ప్రొఫెసర్ల లేఖలకే మొగ్గు చూపుతుంది గానీ, కళాశాల వదిలి చాలాకాలమైనవారికి ఉద్యోగం ఇచ్చినవారి లేఖలు పెట్టుకునే వెసులుబాటు ఇస్తుంది. ఈ ప్రాధాన్యానికి కారణం ఊహించలేనిది కాదు. మొదటి సంవత్సరం నుంచే వందలాది పేజీల తీర్పులు చదివి, వాటిలోని తర్కాన్ని విడదీసి, తన వాదాన్ని కాగితం మీద పెట్టవలసిన చదువు అది. ఆ పని ఈ అభ్యర్థి చేయగలడా అన్నదే ఎంపిక కమిటీ తెలుసుకోదలచిన సంగతి.

అందువల్ల బయటి వ్యక్తి లేఖ ఏ స్థానంలో వెళుతోందన్నది ముందుగా తేల్చుకోవాలి. ఇద్దరు ప్రొఫెసర్ల లేఖలకు అదనంగా వెళ్లే మూడో లేఖ అయితే, ఆ ఇద్దరూ చూడలేని కోణం ఏదో అందులో ఉండాలి. లేకపోతే అది కమిటీ సమయాన్ని తినడం తప్ప చేసేదేమీ లేదు. ప్రొఫెసర్ లేఖకు బదులుగా వెళ్లేదయితే, ప్రొఫెసర్ చెప్పగలిగినదంతా అదే చెప్పాలి. నెలనెలా అమ్మకాల లక్ష్యం దాటించాడన్న పొగడ్త మొదటి సందర్భంలో కొంతవరకు పనికొస్తుందేమో గానీ, రెండో సందర్భంలో దాని విలువ దాదాపు సున్నా.

న్యాయశాస్త్రం చదవబోయేవారికి న్యాయశాస్త్రపు కొలమానమే సరైనది. వినికిడి మాటను కోర్టులు సాధారణంగా సాక్ష్యంగా తీసుకోవు. కళ్లారా చూసినవాడినే బోనెక్కించమంటాయి. కుటుంబ స్నేహితుడైన న్యాయమూర్తిని ఈ కొలమానంతో చూస్తే ఏం మిగులుతుంది? అభ్యర్థి మంచి కుటుంబం నుంచి వచ్చాడనీ, చిన్నప్పటి నుంచీ చురుకైనవాడనీ, పెద్దలంటే గౌరవం ఉన్నవాడనీ ఆయన రాయగలరు. అభ్యర్థి రాసిన ఒక్క పేజీ కూడా ఆయన చదివి ఉండరు, ఒత్తిడిలో అతను తీసుకున్న ఒక్క నిర్ణయమూ చూసి ఉండరు. పెద్ద పేరు కింద ఇంత పలుచని లేఖ కనిపిస్తే, పనిని దగ్గరగా చూసినవాళ్లెవరూ ఇతనికి దొరకలేదా అన్న ప్రశ్న చదివేవారికి తప్పకుండా వస్తుంది. అంటే ఆ లేఖ సాయపడకపోవడంతో ఆగదు, నష్టం కూడా చేయవచ్చు.

దీనికి ఎదురుగా మరొకరిని ఊహించుకుందాం. ఒక అమ్మాయి బీమా సంస్థలో క్లెయిముల విభాగంలో పనిచేస్తోంది. ఆమె రాసే నోట్‌లన్నీ చదివి సంతకం పెట్టేది ఆమె పై అధికారి. సంస్థ బయట ఆయన పేరు ఎవరికీ తెలియదు. ఒక క్లెయిమును తిరస్కరించవచ్చని ఆమే మొదట రాసింది, ఆయన ఒప్పుకున్నారు. రెండు రోజుల తర్వాత పాలసీలోని మినహాయింపు నిబంధనను తాను తప్పుగా చదివానని గ్రహించి, తన నోట్‌కు వ్యతిరేకంగా తానే ఇంకో నోట్ రాసింది. ఈ ఒక్క సంఘటనను ఆ అధికారి ఉన్నదున్నట్టు రాస్తే చాలు. పాఠాన్ని పట్టి చదివే అలవాటు, తప్పు ఒప్పుకునే నిజాయితీ, పై అధికారి ఒప్పుకున్నదాన్ని కూడా ప్రశ్నించే ధైర్యం, మూడూ అందులో కనిపిస్తాయి. న్యాయవాద వృత్తికి ఇంతకన్నా దగ్గరి సాక్ష్యం ఇంకెక్కడ దొరుకుతుంది?

రాసేవారు న్యాయవాదే అయి ఉండాలన్న అపోహ కూడా విస్తృతంగా ఉంది. న్యాయవాద సంస్థలో కొన్ని వారాలు ఇంటర్న్‌గా ఉన్నవారు ఆ సంస్థ అధిపతి లేఖ కోసం పడే తపన చూస్తే జాలి కలుగుతుంది. ఆయన వీళ్లను లిఫ్టులో తప్ప చూసి ఉండకపోవచ్చు. రోజూ వీళ్ల డ్రాఫ్టుల మీద ఎర్ర సిరాతో గీతలు గీసిన జూనియర్ న్యాయవాది మాత్రం నాలుగు పేజీలు రాయగలరు. నన్నడిగితే, ఒకరి రాతను పదేపదే దిద్దినవారే ఈ పనికి అందరికన్నా తగినవారు. ఆ లెక్కన పత్రికలో డెస్కు ఇన్‌ఛార్జి ఆదర్శ సాక్షి అవుతాడు, ఇది వృత్తిపరమైన పక్షపాతం అనుకున్నా నాకు అభ్యంతరం లేదు. ఏళ్ల తరబడి చేసిన స్వచ్ఛంద సేవను పర్యవేక్షించినవారు, సైన్యంలో పై అధికారిగా ఉన్నవారు కూడా చూసినది రాయగలిగితే బాగానే పనికొస్తారు.

అయితే ఇలాంటివారికి ఒక లోటు ఉంటుంది. ప్రొఫెసర్ దగ్గర పోలికకు ఏళ్ల తరబడి చూసిన విద్యార్థులుంటారు. ఈ లేఖల్లో ఏం రాయాలో ఆయనకు తెలుసు. ఆఫీసు అధికారికి తెలిసింది ఉద్యోగి వార్షిక మదింపు భాష. నలుగురితో కలిసిపోతాడు, గడువులు పాటిస్తాడు, కష్టపడతాడు అని రాసి ఊరుకుంటాడు. కాబట్టి లా స్కూల్ ఏం వెతుకుతోందో ఆయనకు వివరించి, తాను చేసిన రెండు మూడు పనులను గుర్తుచేస్తూ ఒక పేజీ ఇవ్వడం అభ్యర్థి బాధ్యత.

అసలు చిక్కు ఇక్కడే మొదలవుతుంది. 'ఇదంతా ఎందుకు, నువ్వే రాసి తీసుకురా, సంతకం పెడతాను' అనే అధికారులకు కొదవ లేదు. దాన్ని వాళ్లు ఉదారత అనుకుంటారు కూడా. దరఖాస్తులను క్రోడీకరించే లా స్కూల్ అడ్మిషన్ కౌన్సిల్, అసలుది కాని లేఖనూ మార్చిన లేఖనూ దుష్ప్రవర్తన కింద పరిగణిస్తుంది. చదువు పూర్తయ్యాక బార్‌లో ప్రవేశానికి, అంటే న్యాయవాదిగా లైసెన్సు పొందడానికి, జరిగే నడవడి విచారణలో లా స్కూల్ దరఖాస్తును కూడా తిరగేసే అవకాశం ఉంది. ఇష్టపూర్వకంగా పెట్టిన సంతకం ఉంది కదా అని వాదించవచ్చు గానీ, సాక్షి చెప్పవలసిన మాటలను కక్షిదారే రాసిచ్చిన వాంగ్మూలాన్ని ఏ న్యాయవాది సమర్థిస్తాడు? నైతికతను పక్కన పెట్టినా, అభ్యర్థి వ్యక్తిగత వ్యాసంలోని శైలే లేఖలోనూ వినిపిస్తే అనుభవమున్న పాఠకులు పట్టేస్తారు. పైగా తన గురించి తానెంత రాసుకున్నా, పక్కనుంచి చూసినవారికి కనిపించినది అందులోకి రాదు. వివరాలు అందించడం వరకు సరే, వాక్యాలు మాత్రం లేఖ రాసేవారివే కావాలి.

ఉద్యోగం మానే ఆలోచన ఇప్పటి యాజమాన్యానికి తెలియకూడదనుకునేవారు పాత అధికారిని గానీ, సంస్థ మారిన సీనియర్‌ను గానీ అడగడం మేలు. లేఖ అభ్యర్థి చేతికి రాకుండా రాసినవారి నుంచి నేరుగా కౌన్సిల్‌కు చేరుతుంది. దాన్ని చూసే హక్కును వదులుకుంటారా అని కూడా అభ్యర్థిని అడుగుతారు. విద్యార్థి రికార్డుల గోప్యతపై 1974లో వచ్చిన ఫెడరల్ చట్టం ఇచ్చిన హక్కు అది. వదులుకోవడం తప్పనిసరి కాదు గానీ, వదులుకోని అభ్యర్థి లేఖను మొహమాటానికి రాసినదిగా చూసే ప్రమాదం ఉంది.

అడిగేటప్పుడు 'రాస్తారా' అని కాకుండా, 'నా పని గురించి వివరంగా, గట్టిగా రాయగలిగేంతగా మీరు దాన్ని చూశారనుకుంటున్నారా' అని అడగాలి, కాదనడానికి వారికి వీలుండాలి. దానికి 'చూద్దాంలే, వీలు చూసుకుని రాస్తాను' అన్న జవాబు వస్తే, అది మర్యాద కోసం అలా చెప్పిన 'కాదు' అనే అనుకోవాలి. చాలా స్కూళ్లు శరదృతువు మొదట్లో దరఖాస్తులు తెరిచి, వచ్చినవాటిని వచ్చినట్టే పరిశీలిస్తూ పోతాయి గనుక, ఆయన వీలు కోసం నవంబరు దాకా ఎదురుచూడటం కన్నా, ధన్యవాదాలు చెప్పి ఆ వారంలోనే జాబితాలోని రెండో పేరుకు ఫోన్ చేయడం మేలు.