మొక్కజొన్న గింజకు స్టాప్‌వాచ్ పెట్టేవాళ్లకు

మళ్లీ వచ్చింది ఆ మెసేజ్. బాబాయ్ పంపాడు, ఆఫీసు గ్రూపులో ఒకరు పెట్టారు, అపార్ట్‌మెంట్ గ్రూపులో అయితే దండం పెట్టే ఎమోజీలతో సహా. చదవనివాళ్ల కోసం సంగతి ఇది: రాత్రి గుప్పెడు స్వీట్‌కార్న్ నమలకుండా మింగి టైం రాసుకోవాలట. 12 గంటల్లో బయటికొస్తే పేగు శుభ్రం, 24 దాటితే విషం రక్తంలోకి పోతున్నట్టు. మాంసం మూడు రోజులు లోపలే కుళ్లుతుంది, ప్రతివాడి పేగులో ఐదు కిలోల పాత మలం ఉంటుంది. విరుగుడు ఏంటంటే పడుకునే ముందు అర గ్లాసు నీళ్లలో నాలుగు స్పూన్ల ఇసబ్‌గోల్ అనే పీచు పొట్టు, 12 గంటల్లోకి వచ్చేదాకా రోజుకో స్పూను పెంచుకుంటూ. పిల్లలకూ, ముసలివాళ్లకూ ఇదే డోసు.

ఐదు కిలోల మాట ఎంతోసేపు అక్కర్లేదు. కొలనోస్కోపీ (పెద్దపేగులోకి కెమెరా పంపి చూసే పరీక్ష) చేయించుకున్న ఎవరినైనా అడగండి, ముందురోజు పేగు ఖాళీ చేసే మందు తాగాక లోపల ఏం మిగులుతుందో. మాంసం చాలావరకు చిన్నపేగులోనే అరిగిపోతుంది. రోజుల తరబడి పెద్దపేగులో ఉండి బాక్టీరియాకు మేత అయ్యేది మీరు పొగిడే పీచే, అది మంచికే.

విషం రక్తంలోకి అన్నది పాత కథ. లండన్‌లో ఆర్బత్‌నాట్ లేన్ అనే సర్జన్ దీన్ని నమ్మి మలబద్ధకం ఉన్నవాళ్ల పెద్దపేగులే కోసి తీసేశాడు. 1919లో వాల్టర్ ఆల్వరెజ్ అనే డాక్టర్ ఒక చిన్న విషయం గుర్తుచేశాడు: మోషన్ అయిన మరుక్షణమే తలనొప్పి, నీరసం పోతున్నాయంటే అది విషం కాదు, రక్తంలో కలిసిన విషం నిమిషంలో ఎక్కడికి పోతుంది?

ఇక ఆ 12 గంటలు. ఎక్కడిదో ఆ అంకె! పీచుకు ఇంత పేరు రావడానికి కారణం డెనిస్ బర్కిట్ అనే సర్జన్. ఆయన, సహచరులు 1972లో లాన్సెట్ పత్రికలో వేసిన లెక్కల్లో, తిన్నది బయటికి రావడానికి ఉగాండా పల్లెవాళ్లకు సుమారు 36 గంటలు, బ్రిటిష్ నేవీ సిబ్బందికి 83. అంటే పీచు దండిగా తిని రోజుకు సుమారు 470 గ్రాముల మలం విసర్జించే ఆ పల్లెజనం కూడా మన వాట్సాప్ పరీక్షలో ఫెయిల్. 2021లో వచ్చిన ఒక అధ్యయనంలో 860 మందికి పైగా ఆరోగ్యవంతులకు నీలిరంగు మఫిన్లు పెట్టి, ఆ రంగు ఎప్పుడు కనిపిస్తుందో చూశారు. మధ్యస్థం దాదాపు 29 గంటలు. సగం మందికి పైగా విషపూరితులే అన్నమాట, పాపం.

పైగా తిండి రైలు పెట్టెల్లా వరసగా నడవదు, కలిసిపోతుంది. మొదటి గింజ టైం వేరు, చివరి గింజ టైం వేరు. అందుకే 1969లో హింటన్ బృందం ఎక్స్‌రేలో కనిపించే గుళికలు 20 మింగించి, ఐదో రోజుకు 80 శాతం బయటికొస్తే మామూలే అంది. మీరు పొద్దున ఒక్కసారే వెళ్లే మనిషైతే మీ గడియారానికి రోజుకు ఒక్క ముల్లే, దాంతో గంటలు ఎలా కొలుస్తారు?

పీచు యాక్సిలరేటర్ కూడా కాదు. ట్రాన్సిట్, అంటే తిన్నది బయటికొచ్చే సమయం, 48 గంటలు దాటినవాళ్లలో గోధుమ పీచు గ్రాముకు ముప్పావు గంట చొప్పున తగ్గిస్తుందని ఒక సమీక్షలో తేలింది, అంతకంటే వేగంగా ఉన్నవాళ్లలో అంత తేడా ఉండదు. 60 గంటల మనిషి ఆ లెక్కనే 12కి రావాలంటే (రాడు, అయినా అనుకుందాం) రోజూ 60 గ్రాములకు పైగా తవుడు పీచు, అంటే సుమారు 140 గ్రాముల గోధుమ తవుడు తినాలి. పశువుల కొట్టంలో చేరితే సరి.

నాకు ఒళ్లు మండేది మాత్రం ఆ డోసు దగ్గర. ఇసబ్‌గోల్ నీళ్లు పీల్చి జిగురుగా ఉబ్బుతుంది, అదే దాని పని. అర గ్లాసు నీళ్లతో ఐదు, ఆరు స్పూన్లు పోసి పడుకుంటే, మింగడమే కష్టమైన ముసలాయన గొంతులో అది అక్కడే ఉబ్బి ఊపిరాడకుండా చేయొచ్చు. నిండు గ్లాసు నీళ్లతో తాగమని ప్యాకెట్ మీదే రాసి ఉంటుంది, కానీ ప్యాకెట్‌ను ఎవరూ ఫార్వర్డ్ చేయరు కదా. పేగులో ఏదైనా అడ్డు ఉన్నవాళ్లకు డోసు పెంచడమంటే ఆ అడ్డుకు ఇంకా సరుకు చేర్చడమే. యాభై దాటాక కొత్తగా మలబద్ధకం, రక్తం, ఊరికే బరువు తగ్గడం — ఇవి కనిపించిన మనిషి డాక్టర్ దగ్గరికి పోకుండా స్పూన్లు పెంచుతూ నెలలు గడిపితే ఆ పాపం ఎవరిది? నమలని మొక్కజొన్న చిన్నపిల్లల గొంతులో ఇరుక్కుంటుందని కూడా వేరే చెప్పాలా?

ఒకటి ఒప్పుకుంటాను. గింజ పరీక్ష ఆలోచన అంత పిచ్చిదేం కాదు, ఆ నీలి మఫిన్ల వాళ్లు చేసిందీ దాదాపు అదే. మన పాలిష్ బియ్యంలో పీచు తక్కువన్నదీ నిజమే: హైదరాబాద్ జాతీయ పోషకాహార సంస్థ 2017 పట్టికల ప్రకారం 100 గ్రాముల్లో మూడు గ్రాములు కూడా లేదు, జొన్నల్లో పది, కందిపప్పులో తొమ్మిది. జొన్నరొట్టె తినండి, పీచు మెల్లగా పెంచండి, నీళ్లు తాగండి. సరదాకు ఆ పరీక్ష చేస్తానంటే చేసుకోండి, కానీ నమిలి తినండి, తొక్క ఎలాగూ కనిపిస్తుంది.