బ్లైండ్‌ఫోల్డ్ టెస్టు గారికి ఓ విన్నపం

మహారాజశ్రీ బ్లైండ్‌ఫోల్డ్ టెస్టు గారి సముఖానికి జాజ్ పిచ్చివాళ్ళు అనేక నమస్కారాలు చేసి రాసుకున్న విన్నపం.

విషయం: అట్ట దాచిపెట్టి, రికార్డు వినిపించి, వాయించిందెవరో చెప్పమని నలుగురిలో పరువు తీయుట గురించి.

అయ్యా,

తమరి పుట్టుపూర్వోత్తరాలు మాకు తెలియనివి కావు. 1946లో మెట్రోనోమ్ పత్రికలో లెనర్డ్ ఫెదర్ అనే విమర్శకుడి చేతుల మీదుగా పుట్టారు. 1950ల మొదట్లో ఆయనతోపాటే డౌన్‌బీట్ పత్రికకు కాపురం మార్చారు. పేరేమో కళ్ళగంతల పరీక్ష. ఇన్నేళ్ళలో ఎవరి కళ్ళకైనా గుడ్డ కట్టారా? రికార్డు అట్ట పక్కన పెట్టేస్తారు, అంతే. "అట్ట దాచే పరీక్ష" అని పేరు పెట్టుకుని ఉంటే గుమ్మం తొక్కేవాడు ఉండేవాడు కాదని తమకి అప్పుడే తెలుసు.

పద్ధతి కూడా భేషుగ్గా కుదిర్చారు. పేరున్న వాద్యకారుణ్ణి కూర్చోబెట్టడం, ఒక్క వివరమూ చెప్పకుండా రికార్డు వెయ్యడం, ఎవరో చెప్పమనడం, ఐదు నక్షత్రాల్లో ఎన్నిస్తావనడం, ఆయన నోరు జారితే ఆ జారినదంతా అచ్చు వెయ్యడం. 1964లో శాక్సఫోన్ ఎరిక్ డాల్ఫీ రికార్డు వినిపించినప్పుడు ట్రంపెట్ మైల్స్ డేవిస్ ఆయన్ని తిట్టి అలాగే నోరు జారాడు. అదే ఏడాది జూన్‌లో డాల్ఫీ బెర్లిన్‌లో పోయాడు, 36 ఏళ్ళకే. డాల్ఫీ గురించి నాలుగు ముక్కలు రాసేవాడు ఇప్పటికీ ఆ తిట్టు దగ్గర ఒకసారి ఆగుతాడు. ఆ రికార్డు ఏమిటో గుర్తున్నవాళ్ళు తక్కువ.

మంచి చెప్పకపోతే పాపం. 1951లో ట్రంపెట్ రాయ్ ఎల్‌డ్రిడ్జ్, నల్లవాడి వాయింపేదో తెల్లవాడి వాయింపేదో విని చెప్పేస్తానని ఫెదర్‌తో పందెం కాశాడు. జీన్ క్రూపా, ఆర్టీ షా అనే తెల్లవాళ్ళ బ్యాండ్లలో తిరుగుతూ హోటళ్ళ గుమ్మాల దగ్గర అవమానాలు పడ్డ నల్లమనిషి, ఊరికే అన్న మాట కాదది. రికార్డులన్నీ అయ్యాక ఓడిపోయానని తనే ఒప్పుకున్నాడు. తమరి ఉద్యోగ జీవితంలో చెప్పుకోదగ్గ పని ఇదొక్కటే అని మా అభిప్రాయం.

తెలుగువాళ్ళం తమర్ని చూసి బెదిరే రకం కాదు. కచేరీలో ఆలాపన అందుకోగానే పక్క కుర్చీ వైపు ఒరిగి "ఆరభా, దేవగాంధారా?" అని గుసగుసలాడేవాళ్ళు మనకి తరతరాలుగా ఉన్నారు. రేడియోలో పాట సగంలో పట్టుకుని ఘంటసాలా, పి.బి. శ్రీనివాసా అని ఇంట్లో తగువులాడుకున్నవాళ్ళూ ఉన్నారు. అయితే రాగానికి ఆరోహణ, అవరోహణ, పట్టుకోడానికి ఒక ప్రయోగం ఉంటాయి. తమరు అడిగేది రాగం కాదు, మనిషిని. ఒకే మెట్లు, ఒకే బ్లూస్, ఒకే కంపెనీ శాక్సఫోన్. అందులోంచి ఫలానా మనిషిని బయటికి లాగమంటారు. అడగడం తప్పు కాదు. అడిగేసరికి మేం ఏం చేస్తున్నామో చూడండి.

తమరి ముందు కూర్చున్నవాడు మొట్టమొదట వినేది సంగీతం కాదు, దాని చుట్టూ ఉన్న చెత్త. పాట మూడు నిమిషాలకే సర్దుకుందా, అయితే నిమిషానికి 78 చుట్లు తిరిగే పాత రికార్డుల కాలం. 1948లో కొలంబియా కంపెనీ ఎక్కువసేపు ఆడే ఎల్పీ తెచ్చేదాకా పళ్ళెం ఒక్కో పక్కన పట్టేదే అంత. పియానో పక్కగదిలో తలుపు ఓరగా వేసి వాయిస్తున్నట్టుందా, అయితే రూడీ వాన్ గెల్డర్ రికార్డింగు. పగలు కళ్ళు పరీక్ష చేసి అద్దాలు రాసిస్తూ, న్యూజెర్సీలోని హాకెన్‌సాక్‌లో అమ్మానాన్నల ఇంటి ముందుగదిలో రికార్డింగులు చేసిన మహానుభావుడు. 1959లో ఇంగిల్‌వుడ్ క్లిఫ్స్‌లో సొంత స్టూడియో కట్టుకున్నా ఆ పియానో గుణం పోలేదు. వాన్ గెల్డర్ అని తేలితే చాలు, ఆయన రికార్డు చేసిన బ్లూ నోట్ కంపెనీ వాద్యకారుల పది పేర్లు మంత్రపుష్పంలా చదివేస్తే ఒకటి తగలకపోదు.

ఇక మూలుగులు. ఎరల్ గార్నర్ పియానో వాయిస్తూ గొణుగుతాడు, కీత్ జారెట్ నిట్టూరుస్తాడు, అరుస్తాడు. స్లామ్ స్టూవర్ట్ బేస్ (నిలబడి వాయించే పెద్ద ఫిడేలు) మీద కమాను లాగుతూ అదే వరుస ఒక స్థాయి పైన కూనిరాగం తీస్తాడు. మేజర్ హోలీ అదే పని చేసినా బేస్ ఉన్న స్థాయిలోనే తీస్తాడు. ఈ ఒక్క తేడా కంఠతా పట్టినవాడికి తమరు రెండు మార్కులు సమర్పించుకుంటారు. గురక విని ఫలానావాడని చెప్పే హాస్టల్ రూమ్మేటుకి కూడా ఈ లెక్కన బిరుదు ఇవ్వాలి.

చప్పట్ల సంగతి మరీ ఘోరం. జనం అరుపులు వినపడగానే "కచేరీ రికార్డింగు" అని చెయ్యెత్తేస్తారు. 1956 జులై 7న న్యూపోర్ట్‌లో డ్యూక్ ఎలింగ్టన్ బ్యాండులో పాల్ గొన్సాల్వెజ్ టెనార్ శాక్సఫోన్ మీద ఏకంగా 27 కోరస్‌లు, అంటే పాట 27 చుట్లు ఊదాడు. చుట్టుకి 12 బార్లు (తాళావర్తాలు) ఉండే బ్లూస్ కాబట్టి 324 బార్లు. ఊదినవాడు కొలంబియా వాళ్ళ మైకు వదిలేసి వాయిస్ ఆఫ్ అమెరికా రేడియో వాళ్ళ మైకు ముందు నిలబడి ఊదాడు. కొలంబియా టేపులో ఆ సోలో ఎక్కడో పొలం అవతల నుంచి వచ్చినట్టుంటుంది. మిగతా కచేరీలో చాలా భాగాన్ని తర్వాత స్టూడియోలో మళ్ళీ వాయించి, పైన చప్పట్లు అతికించి, కచేరీ అని అమ్మారు. ఆ రెండు మైకుల టేపులనూ జతచేసి 1999లో స్టీరియో చేస్తేగానీ ఆయన ఊదింది దగ్గరగా వినపడలేదు. 1960లో బేస్ వాయించే చార్లెస్ మింగస్ ఖాళీ స్టూడియోలో నిలబడి, చప్పట్లు కొట్టొద్దు, గ్లాసుల్లో ఐసు గలగలలాడించొద్దని లేని జనాన్ని బతిమాలాడు. 1966లో శాక్సఫోన్ కానన్‌బాల్ ఆడర్లీ రికార్డు మీద "లైవ్ ఎట్ ది క్లబ్" అని రాసి ఉంటుంది. ఆ క్లబ్బు లాస్ ఏంజెలిస్‌లో క్యాపిటల్ కంపెనీ స్టూడియో. జనాన్ని పిలిచి మందు పోసి కూర్చోబెట్టారు. నిజమైన గ్లాసుల చప్పుడు కావాలంటే 1961 జూన్ 25న విలేజ్ వాన్‌గార్డ్ క్లబ్బులో బిల్ ఎవాన్స్ ముగ్గురి జట్టు వాయించింది వినాలి. స్కాట్ లఫారో బేస్ మీద వేళ్ళు అలా పరుగెడుతుంటే వెనక ఎవరో కులాసాగా కబుర్లు చెప్పుకుంటున్నారు. పదకొండు రోజుల తర్వాత లఫారో కారు ప్రమాదంలో పోయాడు. ఆ కబుర్లాడినవాళ్ళు తమరి పరీక్షకి వచ్చి ఉంటే అన్నీ కరెక్టుగా చెప్పేవాళ్ళని మాకు గట్టి అనుమానం.

సరైన జవాబు చెప్పినవాడికైనా న్యాయం జరుగుతుందా? 1953 మేలో టొరాంటోలోని మాసీ హాల్‌లో ప్లాస్టిక్ శాక్సఫోన్ ఊదింది చార్లీ పార్కర్, అట్ట మీద ఉన్నది "చార్లీ చాన్". శాక్సఫోన్ జాన్ కోల్‌ట్రేన్ 1961 రికార్డులో "జార్జ్ లేన్" అంటే ఎరిక్ డాల్ఫీ. "బక్‌షాట్ లా ఫంక్" అంటే ఆడర్లీ. ఒక కంపెనీతో ఒప్పందం ఉండగా ఇంకో కంపెనీకి వాయించడం వల్ల వచ్చిన దొంగపేర్లివి. మాసీ హాల్ టేపులో బేస్ సరిగ్గా వినపడటం లేదని మింగస్ తర్వాత మళ్ళీ వాయించి పైన కలిపాడు. ఇప్పుడు "ఈ బేస్ ఏ రోజుది?" అని అడిగితే తమరి దగ్గర జవాబుందా?

తమరి పేరు మీద ఇళ్ళల్లో పెత్తనం చేసే నిర్వాహకుల గురించి కూడా కొంచెం. వీళ్ళు ఇరవై పాటలు తెస్తారు, ఎనిమిది దాటితే చెవి మొద్దుబారుతుందని తెలియదు. మొదటి నుంచి పెడతారు. పల్లవి వినపడగానే పాట పేరు తెలుస్తుంది, పాట పేరుతో రికార్డు, రికార్డుతో మనిషి. సోలో రెండో కోరస్ నుంచి పెట్టి రెండు నిమిషాలు వినిపించాలి. అది ఎక్కడ మొదలవుతుందో వెతకడం గడియారం చూసి చేసుకునే లెక్కే. నిమిషానికి 120 దెబ్బల నడకలో నాలుగు దెబ్బల బారు రెండు సెకన్లు, 12 బార్ల బ్లూస్ 24 సెకన్లు, 32 బార్ల పాట 64 సెకన్లు. నడక రెట్టింపైతే ఇవన్నీ సగం.

ఫైలు పేర్లు 01, 02 అని మారిస్తే సరిపోదు. లోపల ఆర్టిస్టు పేరు, అట్ట బొమ్మ ట్యాగులో అలాగే ఉంటాయి. బ్లూటూత్ కలవగానే టీవీ తెర మీద సోనీ రోలిన్స్ ప్రత్యక్షం. అవి చెరపాలి. అందరి ఫోన్లూ బోర్లా పెట్టించాలి, పాట విని పేరు చెప్పే షజామ్ యాప్‌కి పది సెకన్లు చాలు. కొత్త రికార్డుల శబ్దం పాతవాటికంటే ఎక్కువ ఉంటుంది. రెండు మూడు డెసిబెళ్ళు ఎక్కువున్నది మెరుగ్గా వాయించినట్టు అనిపిస్తుంది, నక్షత్రాలన్నీ దానికే పడతాయి. మట్టం కలిపేటప్పుడు కొత్తదాన్ని తగ్గించాలి తప్ప పాతదాన్ని పెంచకూడదు, పెంచితే గరగర కూడా పెరిగి కాలం చెప్పేస్తుంది.

ఎంపికలోనూ ఇంతే. మైల్స్ "కైండ్ ఆఫ్ బ్లూ"లో పియానో అంటే అందరూ బిల్ ఎవాన్స్ అంటారని తెలిసి "ఫ్రెడీ ఫ్రీలోడర్" పెడతారు. ఆ ఒక్కదానిలో వింటన్ కెలీ. ఇది పరీక్ష కాదు, అట్ట వెనక రాసింది అప్పజెప్పించుకోవడం. ఆ రికార్డు మొదటి పక్క టేపు యంత్రం వేగం తేడా వల్ల దశాబ్దాల పాటు అసలు శ్రుతికంటే కాస్త పైన వినిపించింది, 1990ల్లో సరిచేశారు. పాత ముద్రణతో పాటు ట్రంపెట్ సాధన చేసి శ్రుతి కలవక తమ చెవినే తిట్టుకున్నవాళ్ళకి తమరు ఎప్పుడైనా క్షమాపణ చెప్పారా?

మరి చెవికి నిజంగా పని చెప్పే పాటలు లేవా అంటే, ఉన్నాయి. 1956 మే 24న రోలిన్స్, కోల్‌ట్రేన్ కలిసి టెనార్ శాక్సఫోన్ల మీద ఊదిన "టెనార్ మ్యాడ్‌నెస్" పెట్టండి. మొదటి సోలో కోల్‌ట్రేన్‌దని బట్టీపట్టినవాళ్ళు ఉంటారు కనక చివర్లో నాలుగేసి బార్లు పంచుకునే చోట పెట్టండి. మోనో రికార్డింగు, ఎడమ కుడి చూసి చెప్పడం కుదరదు. ఒకరిది నిండుగా, గుండ్రంగా ఉంటుంది, మాట్లాడి మాట్లాడి ఆగుతుంది. ఇంకొకరిది గట్టిగా, లోహపు అంచుతో, ఆగడానికి ఇష్టం లేనట్టుంటుంది. నాలుగు బార్లకొకసారి చెయ్యెత్తమనండి. మహామహుల చేతులే గాల్లో ఆగిపోతాయి.

వైబ్రాఫోన్ అనే లోహపు పట్టీల వాద్యం మీద మిల్ట్ జాక్సన్ కూడా అంతే. ఆ వాద్యంలో గొట్టాల మూతుల దగ్గర పలుచటి బిళ్ళల్ని ఒక మోటారు తిప్పుతుంది, దానివల్లే నాదం అలలుగా ఊగుతుంది. లయనెల్ హాంప్టన్ దాన్ని సెకనుకి పది చుట్లు తిప్పేవాడు. జాక్సన్ మూడు పైచిలుకు చుట్లకి తగ్గించాడు. ఒక్క స్వరం కొట్టి వదిలేస్తే, హాంప్టన్‌ది గజ్జెలా వణుకుతుంది, జాక్సన్‌ది మనిషి గొంతు పెట్టి పలికినట్టు నిదానంగా ఊగి ఆరిపోతుంది. అంత సూక్ష్మం ఒకే దెబ్బలో వినపడుతుంది. ఇది గుర్తుపట్టినవాడికి ఎన్ని మార్కులిచ్చినా మాకు అసూయ లేదు.

ఇంతకీ మా కోరికలు పెద్దవేం కావు. పేరు అడిగే ముందు ఏం వాద్యం, ఏ దశాబ్దం, ఏం జరుగుతోంది అని అడిగి వాటికీ మార్కులు వెయ్యండి. పేరు తప్పైనా కారణం సరైనదైతే సగం మార్కులివ్వండి. "ఎవరో తెలియదు గానీ బాగుంది" అన్నవాణ్ణి చూసి నవ్వేవాళ్ళకి ఒక మార్కు కోయండి. జవాబు చెప్పాక పాట మళ్ళీ పెట్టండి. పేరు తెలిశాక "అబ్బే, నేనూ అదే అనుకున్నా" అనేవాళ్ళ కోసం కాదు, తెలిశాక వినేది వేరే పాటలా ఉంటుంది కనక.

చివరిది మాత్రం కాస్త మొండిపట్టు. టెనార్ శాక్సఫోన్ బెన్ వెబ్‌స్టర్ నెమ్మదైన పాట పెడితే రెండో నిమిషం కాగానే ఆపేస్తున్నారు. ఆయన వాక్యం చివర స్వరం ముందు సన్నబడుతుంది, తర్వాత శ్రుతి పోతుంది. రీడు పలకడం ఆగిపోయినా గాలి మాత్రం గొట్టంలోంచి వస్తూనే ఉంటుంది, ఉఫ్ అని, ఒక్కోసారి సెకను పైనే. ఆయన్ని గుర్తుపట్టేది అక్కడ. తమరి నిర్వాహకుడి వేలు ఆపే మీట మీదకి వెళ్ళేదీ సరిగ్గా అక్కడే. ఆ గాలి అయిపోయేదాకా వేలు వెనక్కి పెట్టుకోమని తమరు ఒక మాట చెప్పాలి.

ఇట్లు,
తమరి చేతిలో పదే పదే సున్నా చుట్టించుకుంటున్న
విధేయులు

తా.క. పోయినసారి ఐదో పాటలో ఆల్టో శాక్సఫోన్ ఎవరిదో ఇప్పటికీ చెప్పలేదు. సోనీ స్టిట్ అన్నవాళ్ళూ పార్కర్ అన్నవాళ్ళూ ఒకరింటికొకరు రావడం మానేశారు.