కొబ్బరికాయ పగల్లేదు, చెక్క పగిలింది

టెక్కలి దాటి నౌపడ ఉప్పుమళ్ల వైపు వెళ్తే మా తంపర వస్తుంది. ఊరి పేరు రాయను. రాస్తే అక్కడ ఇంకో స్వాగత ద్వారం కడతారు. తంపర అంటే మా సిక్కోలులో (శ్రీకాకుళంలో) ఏడాదిలో చాలా నెలలు నీళ్లు నిలిచే పల్లం. సోంపేట వాళ్లు బీల అంటారు. ఆ తంపరలో పక్షుల్ని చూడ్డానికి వేసిన చెక్కల వంతెన ఒకటుంది. రికార్డుల్లో మొత్తం ఉంది. కాళ్ల కింద మాత్రం పదిహేడు చోట్ల లేదు. ఈ లెక్కలో కొన్ని నేను కళ్లతో చూసినవి, కొన్ని మోకాలితో.

దాన్ని కొత్తగా కడుతున్నారని తెలిసి సంబరపడి వెళ్లాను. పని నిజంగానే మొదలైంది. సెల్ఫీ పాయింటు పూర్తయింది కూడా. ఎర్రటి ఫైబర్ గుండె, దాని చుట్టూ లైట్లు, రాత్రిపూట కొట్టుకుంటున్నట్టు వెలిగి ఆరుతుంది. చెక్కల సంగతి అడిగితే అవి రెండో దశలో వస్తాయన్నారు. సబబే. ముందు ఫోటో దిగే చోటు కట్టాలి గానీ, కాలు జారే చోటుకి తొందరేముంది?

శంకుస్థాపన రోజు నేనక్కడే ఉన్నాను. వంతెన మొదట్లో పాత బోర్డు ఒకటుంది: ‘ఒకేసారి ఐదుగురికి మించి నడవరాదు.’ సరిగ్గా ఆ బోర్డుకే స్వాగతం ఫ్లెక్సీ కట్టారు కాబట్టి నలభై మంది ఎక్కారు. పురోహితుడు పళ్లెంలో అన్నీ సర్దుకున్నాడు. కాయ కొట్టడానికి రాయి మాత్రం ఒడ్డున మరిచిపోయారు. ‘ఎక్కడైతే ఏంటండీ’ అంటూ ముఖ్య అతిథి చెయ్యెత్తి కాయని చెక్కకేసి కొట్టారు.

కాయ పగల్లేదు. చెక్క పగిలింది.

వెనకున్నవాళ్లకి చెయ్యి దిగడమే కనిపించింది కాబట్టి చప్పట్లు కొట్టారు. ముందున్నవాళ్లు కొత్త కన్నంలోకి తొంగిచూశారు. కాయ బురద నీళ్లలో తాపీగా తేలుతోంది. పురోహితుడు మంత్రం ఆపలేదు, కాకపోతే ఒక అడుగు వెనక్కి వేశాడు. ఇది శుభమా, అశుభమా అని చర్చ లేచింది. ఒకాయన గొంతు సవరించుకుని ‘గంగమ్మకి నేరుగా ముట్టింది’ అని తేల్చేసరికి అందరూ ఊపిరి పీల్చుకున్నారు. ఇంజినీరు గారు మాత్రం పుస్తకం తీసి, వంగి, విరిగిన చెక్కని కొలిచి రాసుకున్నారు. అంచనా వ్యయం పెంచాలట.

ఈలోగా దోనెలో వలలు సర్దుకుంటున్న ముసలాయన గెడ వేసుకుంటూ వచ్చాడు. కాయని నీళ్లలోంచి తీసి, లుంగీకి తుడిచి, పైకి అందించాడు.

‘కాయకేటీ అవనేదు బాబూ. బల్లే పుచ్చిపోనాది.’

ముఖ్య అతిథి వంగి రెండు చేతులా అందుకున్నారు. ఫోటోలు తీశారు. మర్నాడు పేపర్లో ఆ ఫోటో వచ్చింది. కింద ఏం రాశారంటే, మత్స్యకారుడి అభిమాన కానుక.

తర్వాత ఉపన్యాసం. ‘సైబీరియా నుంచి వేల మైళ్లు ఎగిరొచ్చిన ఈ విదేశీ అతిథులకు’ అని మొదలైంది. మన జిల్లాలో తేలినీలాపురం దగ్గరైనా, ఇచ్ఛాపురం వైపు తేలుకుంచిలోనైనా మైకు దొరికితే చాలు, సైబీరియా పలుకుతుంది. గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు, ముక్కు మూసినా మధ్యలో సందు కనిపించే ఓపెన్‌బిల్ కొంగలు, ఇవన్నీ ఈ దక్షిణాసియా పక్షులే. సైబీరియా మొహం ఎరగవు. చలికి తట్టుకోలేక అంత దూరం నుంచి వచ్చే పక్షి ఇక్కడ మేత మేసి పోతుంది, గూడు అక్కడే కట్టుకుంటుంది. ఇవి మన చెట్ల మీద గూళ్లు కట్టి, గుడ్లు పెట్టి, పిల్లలకి రెక్కలొచ్చాక కదులుతాయి. పురిటికి పుట్టింటికొచ్చిన ఆడపిల్లని విదేశీ అతిథి అంటామా? అంటాం. విదేశీ అంటే బిల్లు త్వరగా పాసవుతుంది. ఆ మాటలకి మర్యాదగా ఉంటుందని డీజే బాక్సులు కూడా పెట్టారు. మొదటి పాటకే అతిథులంతా లేచి ఉప్పుమళ్ల మీదికి వెళ్లిపోయారు.

వచ్చేముందు డ్రాయింగు చూపించమని బతిమాలాను. చూపించారు. అందులో చెక్క లేదు. రెండు పక్కలా గోడలు, మధ్యలో గ్రావెల్, పైన రంగురంగుల సిమెంటు బిళ్లలు. పేరు మాత్రం బోర్డువాక్, అంటే చెక్కల బాట, అనే ఉంచారు, ఫ్లెక్సీ మళ్లీ వేయించక్కర్లేదని.

గుంజల మీద చెక్కలు ఎందుకు వేస్తారో దోనె తాతకి తెలుసు. పైనుంచి వాన నీరు దిగాలి, కింది నుంచి పోటు నీరు ఎక్కాలి, రెంటితోపాటు చేపపిల్ల అటూ ఇటూ తిరగాలి. అడ్డంగా మట్టి కట్ట వేస్తే తంపర రెండు ముక్కలవుతుంది. ఒక ముక్క మునుగుతుంది, ఒక ముక్క ఎండుతుంది. పాతది పాడవడానికి కారణమూ ఆయనే చెప్పాడు. ‘ఉత్త ఇనప మేకులు కొట్టినారు బాబూ. ఉప్పుగాలి ఊరుకుంటాదేటి?’ చేవ ఉన్న తాటి దూలాలు, తుప్పు పట్టని బోల్టులు, ఏడాదికోసారి ఎవరో ఒకరు వచ్చి చూడ్డం. ఆయన ఎస్టిమేట్ అంతే. అందులో గుండె బొమ్మ లేదు కాబట్టి ఎవరూ రాసుకోలేదు.

‘2017 చిత్తడి నేలల నిబంధనలు ఇలా పూడ్చడానికి ఒప్పుకోవు కదండీ?’ అని డ్రాయింగు చూపించినాయన్ని అడిగాను.

‘అవి నోటిఫై అయిన, అంటే సర్కారు చిత్తడి నేలగా ప్రకటించిన వాటికండీ. ఇది కాలేదు.’

‘ఎందుకు కాలేదు?’

‘రికార్డులో ఇది బంజరండీ.’

ఇంతవరకూ నవ్వుతూనే రాశాను. ఇక నా వల్ల కాదు. ఈ జిల్లాలో ఆ మాట అనడానికి నోరెలా వచ్చిందయ్యా? సోంపేట బీలని ఎందుకూ పనికిరాని నేలగా చూపించే కదా థర్మల్ ప్లాంటుకి ఇచ్చారు! 2010 జూలై 14న అక్కడ ప్లాంటు వద్దన్న జనం మీద పోలీసు కాల్పులు జరిగాయి, మనుషులు చచ్చిపోయారు. అదే రోజు ఢిల్లీలో పర్యావరణ అప్పిలేట్ అథారిటీ ఆ ప్లాంటు అనుమతి రద్దు చేసింది. ఏడాదైనా తిరక్కుండా 2011 ఫిబ్రవరి 28న కాకరాపల్లి తంపర దగ్గర ఇంకో థర్మల్ ప్లాంటు కోసం మళ్లీ కాల్పులు, మళ్లీ శవాలు. బంజరు కోసం ఎవడైనా తూటాకి ఎదురు నిలబడతాడా? వరి పండి, చేప దొరికి, గొడ్డుకి గడ్డి దొరికే నేల బంజరా? ఆ పాడు మాటని రికార్డులోంచి కొట్టెయ్యడానికి ఇన్నేళ్లలో ఒక్క పెన్ను దొరకలేదు. గుండె బొమ్మకి మాత్రం కరెంటు లైను దొరికింది.

నిన్న మళ్లీ వెళ్లాను. కన్నాలు ఇప్పుడు పద్దెనిమిది. కొత్త కన్నంలో ఎవరూ పడకుండా తాత ఒక సరుగుడు కొమ్మ పాతాడు. దాని మీద లకుముకి పిట్ట కూర్చుని నీళ్లలోకి చూస్తోంది. రెండో దశలో ఇప్పటిదాకా జరిగిన పని అదే.