ముందొచ్చినవారికే అంటే వీల్‌చైర్‌కు చోటెక్కడ?

వినోద పార్కులో తారాజువ్వల, రంగునీళ్ల షో ఏడు గంటలకు. ఒడిశాలోని బరంపురంలో రైలెక్కి రాత్రంతా ప్రయాణం చేసి వెళ్లిన ఒక కుటుంబం ఆరు నలభైకి గ్యాలరీ దగ్గరికి చేరింది. పక్షవాతం వచ్చి నడవలేని మామ్మ వీల్‌చైర్‌లో ఉంది. ర్యాంపు ఉంది. పైన వీల్‌చైర్ల కోసమని పసుపు గీతలు గీసిన చోటూ ఉంది. కానీ అక్కడ ఉన్నవి నాలుగే చోట్లు, నాలుగూ నిండిపోయాయి. గంట ముందే రావాల్సిందని అక్కడి ఉద్యోగి మర్యాదగానే చెప్పి, చివరి వరుస పక్కన స్తంభం దగ్గర కుర్చీ పెట్టించాడు. లైట్లు ఆరిపోయాయి. మొదటి తారాజువ్వ లేవగానే ముందున్నవాళ్లంతా లేచి నిలబడ్డారు. ఆ తర్వాత అరగంటసేపు మామ్మకు కనిపించినవి వీపులే. పదేళ్ల మనవరాలు స్తంభం దిమ్మె మీదికెక్కి, "ఇప్పుడు నీళ్లు నీలంగా లేస్తున్నాయి మామ్మా, ఇప్పుడు ఎర్రగా" అంటూ చివరిదాకా చెబుతూనే ఉంది.

ఆ ఇంటి పెద్దకొడుకు మా పాఠకుడు. ఆఫీసుకు వచ్చి ఇదంతా చెప్పారు. ఆ పార్కు పేరు రాయడం లేదు, ఎందుకంటే ఇది ఒక్క పార్కు సంగతి కాదు. ఒడిశా సరిహద్దు జిల్లాల తెలుగువాళ్లం సెలవులొస్తే ఒకవైపు హైదరాబాద్, విశాఖ, మరోవైపు భువనేశ్వర్ వెళ్తాం. ఇంట్లో నడవలేనివారు ఉంటే వాళ్లనీ తీసుకెళ్లాలనుకుంటాం. సాయంత్రం షో దగ్గరికి వచ్చేసరికి ఎక్కడైనా వినిపించే సమాధానం ఒకటే: ముందొచ్చినవారికే.

ఈ మాట వినడానికి న్యాయంగానే ఉంటుంది. అందరికీ ఒకే రూలు కదా అనిపిస్తుంది. కానీ వీల్‌చైర్‌లో ఉన్న మనిషికి గడియారం వేరేగా నడుస్తుంది. పార్కులో తిరిగే బస్సుకు ర్యాంపు ఉన్నది ఏదో ఒక్కటే ఉంటుంది, అది వచ్చేదాకా ఆగాలి. మెట్లదారిలో రెండు నిమిషాల దూరం ర్యాంపుదారిలో పావుగంట పడుతుంది. ఆ కుటుంబం ఆలస్యానికి అసలు కారణం టాయిలెట్. వీల్‌చైర్ పట్టేంత తలుపున్నది మెయిన్ గేటు దగ్గర ఒక్కటే ఉంది. షో మధ్యలో ఇబ్బంది రాకూడదని ముందే అక్కడికి వెళ్లొచ్చేసరికి నలభై నిమిషాలు పోయాయి. గంట ముందే వెళ్లి కూర్చుంటే మాత్రం ఏమవుతుంది? మధ్యలో టాయిలెట్‌కు వెళ్తే ఆ చోటు పోతుంది. నీళ్లు తాగకుండా బిగబట్టుకుని కూర్చోవాలి. వెన్నుపాము దెబ్బతిన్నవారిలో చాలామందికి దెబ్బ తగిలిన చోటు కింద చెమట పట్టదు, ఒంటి వేడి దిగదు. మే నెలలో సాయంత్రం ఆరు గంటలకు కూడా ఎండ చల్లారని గ్యాలరీలో వాళ్లను గంటసేపు కూర్చోబెట్టడం ప్రమాదం. "ముందు రండి" అని చెప్పేవారికి ఇవేవీ తెలియవు. తెలుసుకోవాల్సిన బాధ్యత ఎవరూ వాళ్ల మీద పెట్టలేదు కూడా.

ఎన్ని చోట్లు ఉండాలన్నదానికి లెక్కలు లేకపోలేదు. అమెరికాలో 1990 నాటి దివ్యాంగుల చట్టం కింద 2010లో తెచ్చిన ప్రమాణాల ప్రకారం వెయ్యి సీట్ల గ్యాలరీకి కనీసం పది వీల్‌చైర్ చోట్లు ఉండాలి. ఒక్కో చోటు పక్కనే తోడు వచ్చినవారికి ఒక సీటు ఉండాలి. ముందువాళ్లు లేచి నిలబడే షో అయితే, వాళ్ల తలల మీదుగా కనిపించేలా ఆ చోటు ఎత్తు ఉండాలి. టికెట్లు అమ్మే షోలైతే, మామూలు సీట్లు అయిపోయేదాకా వీల్‌చైర్ చోట్లను ఇతరులకు అమ్మకూడదు. ఇంత రాసిపెట్టుకున్నా, సీటు నంబరు లేని రాత్రి షోలకు అక్కడి పెద్ద పార్కుల్లోనూ చాలాచోట్ల వీల్‌చైర్ చోట్లు ముందొచ్చినవారికే. తెలిసినవాళ్లు గంట ముందే వెళ్లి కూర్చుంటారు, తెలియనివాళ్లు వెనక్కి తిరుగుతారు. అంటే గీతలు గీస్తే సగం పనే అయింది. ఆ చోటును ఎంతసేపు ఆపి ఉంచుతారన్నది మిగతా సగం.

మన దేశంలోనూ చట్టం ఉంది. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టంలోని 46వ సెక్షన్ ప్రకారం ప్రభుత్వ సంస్థ అయినా ప్రైవేటు సంస్థ అయినా, సేవలు అందించేవారంతా నిబంధనలు వచ్చిన రెండేళ్లలోగా ఆ సేవలను దివ్యాంగులకు అందుబాటులోకి తేవాలి. నిబంధనలు 2017 జూన్‌లో వచ్చాయి, గడువు 2019లోనే దాటిపోయింది. ఆ నిబంధనల్లో అందుబాటు ప్రమాణాల గురించి చెప్పే 15వది సలహాలా ఉంది తప్ప ఆదేశంలా లేదని, బహిరంగ స్థలాలు దివ్యాంగులకు అందుబాటులో ఉండాలని రాజీవ్ రతూరి వేసిన కేసులో సుప్రీంకోర్టు 2024 నవంబరు 8న తప్పుబట్టింది. తప్పనిసరి ప్రమాణాలను మూడు నెలల్లో తయారుచేయాలని కేంద్రాన్ని ఆదేశించింది. ఆ ప్రమాణాల్లో ర్యాంపు వాలు, తలుపు వెడల్పుతో పాటు సమయం గురించి కూడా ఒక మాట ఉండి తీరాలని మేము గట్టిగా కోరుతున్నాం.

ఇది ఖర్చుతో కూడిన పని కాదు. టికెట్ కొనేటప్పుడే "వీల్‌చైర్ ఉందా, తోడు ఎంతమంది" అని అడిగి, సాయంత్రం షోకు చోటు రాసుకోవాలి. షో మొదలవడానికి పది నిమిషాల ముందుదాకా దాన్ని ఖాళీగానే ఉంచాలి. టాయిలెట్‌కు వెళ్లొస్తామంటే చేతికో టోకెన్ ఇవ్వాలి. షో అయ్యాక జనం ఒక్కసారిగా బస్సుల వైపు తోసుకుపోతారు. ఆ తోపులాటలో కుర్చీ తిరగబడుతుందేమోనని చాలా కుటుంబాలు ఆఖరి పది నిమిషాలు వదులుకుని ముందే లేచి వచ్చేస్తాయి. షోలో అందరూ ఎదురుచూసేది ఆ పది నిమిషాల కోసమే. వాళ్ల కోసం ఒక పక్కదారి, ర్యాంపున్న ఒక బస్సు చివరిదాకా ఆగాలి. తిరుగు రైలు టైము చూసుకుంటూ టెన్షన్ పడే దూరప్రాంతం వాళ్లకు ఇదెంత ఊరటో చెప్పలేం.

సరిహద్దు మనుషులుగా మాకు ఇంకో కష్టం ఉంది. ఒడిశా ప్రభుత్వం దివ్యాంగుల కోసం భీమ భోయి భిన్నక్షమ సామర్థ్య అభియాన్ శిబిరాలు పెట్టి ధ్రువపత్రాలు, కుర్చీలు ఇస్తోంది, సంతోషం. కానీ ఇక్కడి పాత ఒడియా సర్టిఫికెట్ చూపిస్తే అవతలి రాష్ట్రం కౌంటర్లో ఇదేమిటని అడుగుతారు. కేంద్రం ఇచ్చే దివ్యాంగుల గుర్తింపు కార్డు (యూడీఐడీ) దేశమంతా చెల్లుతుంది. గంజాం, గజపతి, రాయగడ, కోరాపుట్ జిల్లాల్లో ఇంకా ఆ కార్డు తీసుకోని కుటుంబాలు ప్రయాణానికి ముందే దరఖాస్తు పెట్టుకోవాలి. దాన్ని చూపించాక మళ్లీ వేరే కాగితం అడిగే పద్ధతిని పార్కులు మానుకోవాలి.

పక్క రాష్ట్రాలను అడిగేవాళ్లం మన ఊరు సంగతీ చూసుకోవాలి. రెండేళ్లకోసారి బరంపురంలో జరిగే ఠాకురాణి అమ్మవారి యాత్రలో రాత్రుళ్లు వేషాలు, రథాలు చూడటానికి ఊరు ఊరంతా దేశిబెహెరా వీధి వైపే కదులుతుంది. ఆ జనంలో వీల్‌చైర్ ఎక్కడ ఆగాలి? వచ్చే యాత్రకు దారిపక్కన నడుమెత్తున ఒక చెక్క వేదిక, దానికో ర్యాంపు, అక్కడ ఒక వాలంటీరు ఉండాలి. నగరపాలక సంస్థ, యాత్ర పెద్దలు కలిసి కూర్చుంటే తేలిగ్గా అయ్యే పని ఇది.

ఇక పార్కులు ఈ సెలవులకే చేయగలిగింది ఒకటుంది. సాయంత్రం షోకు వీల్‌చైర్‌తో ఎన్ని గంటలకు, ఏ గేటుకు రావాలో, చోటు కోసం ఎవరికి ఫోన్ చేయాలో టికెట్ మీదే తెలుగులోనూ ఒడియాలోనూ అచ్చువేయాలి.