కత్తి పట్టినవాడే వీరుడా?

వాట్సాప్‌లో చక్కర్లు కొడుతున్న ఒక సందేశం సారాంశం ఇది: క్రైస్తవంలో భీకరజీవి అంటే సైతానే, వికృతరూపులకు దేవుని లెక్కలో చోటు లేదు, ఘటసర్పాన్ని (డ్రాగన్‌ను) పొడిచిన సెయింట్ జార్జ్ లాంటివాడే వీరుడు.

మొదటి మాటకు బైబిల్లోని యోబు గ్రంథం 41వ అధ్యాయమే జవాబు. మకరాన్ని, అంటే లెవియాథాన్ అనే భీకర సముద్రజీవిని, గాలంతో లాగగలవా అని యోబును అడిగిన దేవుడు, గాలి కూడా దూరనంత దగ్గరగా అతుక్కున్న దాని పొలుసులను, తుమ్మితే మెరిసే వెలుగును, ముక్కుల్లోంచి లేచే పొగను పూసగుచ్చినట్టు వర్ణిస్తాడు. శత్రువును తిట్టే ధోరణి కాదిది, తన చేతిపనిని చూసి మురిసే ధోరణి. 104వ కీర్తనలోనైతే అది సముద్రంలో ఆటలాడుకుంటుంది. నిజమే, యెషయా 27లో దేవుడు దాన్ని ఖడ్గంతో దండిస్తాడు. ప్రకటన 12లో ఘటసర్పం సాక్షాత్తు సైతానే. సందేశం రాసినవారు ఈ రెండో వైపునే ఏరుకున్నారు.

వికృతరూపుల సంగతి 5వ శతాబ్దంలోనే క్రైస్తవ వేదాంతి అగస్టీన్ తేల్చాడు. కుక్కతలల మనుషులు, ఒంటికాలి మనుషులు ఉన్నారన్న కథలన్నీ నమ్మక్కర్లేదన్నాడు. కానీ మనిషిగా, వివేకంతో పుట్టినవారు ఏ రూపంలో ఉన్నా ఆదాము సంతానమేనని ‘దైవ నగరం’ 16వ భాగంలో రాశాడు.

ఇక జార్జ్. బైబిల్లో అతడి ఊసే లేదు. సంప్రదాయం ప్రకారం 303 ప్రాంతంలో, రోమన్ చక్రవర్తి డయోక్లీషియన్ కాలంలో ప్రాణమిచ్చిన హతసాక్షి. పాత కథల్లో అతడి గొప్పతనమంతా చిత్రహింసలను ఓర్చుకోవడమే. ఘటసర్పం శతాబ్దాల తర్వాత వచ్చి చేరింది. 13వ శతాబ్దపు ప్రసిద్ధ లాటిన్ కథనంలో కూడా జార్జ్ దాన్ని ముందు గాయపరిచి వదిలేస్తాడు. రాజకుమార్తె తన నడికట్టును మెడకు వేయగానే అది పెంపుడు కుక్కలా ఆమె వెంట ఊళ్లోకి నడుస్తుంది. జనం బాప్తిస్మానికి ఒప్పుకున్నాకే దాన్ని చంపుతాడు. (బెదిరించి ఇచ్చిన బాప్తిస్మమే అనిపిస్తుంది నాకైతే.)

చంపడమే వీరత్వమైతే గొల్యాతు అనే మహాకాయుణ్ని కూల్చిన దావీదు రాజును మించినవాడెవరు? అయినా నీవు విస్తారంగా రక్తం ఒలికించావు, నా మందిరం కట్టకూడదని దేవుడు అతడికే చెప్పాడు. 1 దినవృత్తాంతములు 22వ అధ్యాయంలో ఈ మాట దావీదే స్వయంగా కొడుకు సొలొమోనుకు చెబుతాడు.